చెమట పట్టని మనిషి

ఆ లాండ్రీలో మనుషులు రెండు రకాలు. వేడి గదిలోకి వెళ్ళి రెండు గంటల్లో బయటికి పరుగెత్తుకొచ్చేవాళ్ళు ఒక రకం, చంపినా ఆ గదిలోకి వెళ్ళనివాళ్ళు ఇంకో రకం. ఈ రెండింటిలోనూ చేరని మనిషి ఒక్కతే ఉండేది. ఆమెను అందరూ నిప్పుకోడి అనేవారు.

ఆస్పత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ ఉతికి పంపే పెద్ద లాండ్రీ అది. ఉతికి పిండిన దుప్పటి వెనక గదికి వస్తుంది. అక్కడ నడుమెత్తున ఒక పొడవాటి ఇనుప రోలరు, కడుపు నిండా ఆవిరితో కాలుతూ, పొద్దున ఎనిమిదింటి నుంచి ఆగకుండా తిరుగుతుంటుంది. తడి దుప్పటి రెండు అంచులూ పట్టుకుని, ముడత లేకుండా సాగదీసి, దాని నోటికి అందించాలి. అటువైపు నుంచి అది కొత్త కాగితంలా పెళపెళలాడుతూ వచ్చి పడుతుంది. చూడబోతే పెద్ద విద్యేం కాదు. ఆ గదిలో నిలబడడమే విద్య. ఉన్న ఒక్క కిటికీ బాయిలరు వైపు తెరుచుకుంటుంది. గోడకు చేయి ఆనిస్తే చురుక్కుమంటుంది. కండలు తిరిగిన మగవాళ్ళే రెండు గంటలకోసారి బయటికొచ్చి, కుళాయి కింద తలపెట్టి, ఇంకో పావుగంట దాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

నిప్పుకోడి మాత్రం పొద్దున లోపలికి వెళ్తే మళ్ళీ భోజనానికే బయటికి. కాళ్ళకు మేజోళ్ళు, ఒంటిమీద బొత్తాలన్నీ పెట్టుకున్న ఉన్ని స్వెట్టరు. నుదుటి మీద ఒక్క చెమట చుక్క ఉండేది కాదు. పెద్ద హోటలు మేనేజరు ఎవరైనా వస్తే యజమాని ముందుగా ఆ గది దగ్గరికే తీసుకొచ్చేవాడు.

“చూడండి, చల్లటి గదిలో ఉన్నట్టు ఎలా నిలబడిందో! ఇలాంటి మనిషి లక్షమందిలో ఒక్కరుంటారు” అనేవాడు గుమ్మం బయటి నుంచే, లోపల అడుగు పెట్టకుండా.

ఆ మాట విని ఆమె నవ్వేది. నవ్వు ఆమె ముఖం మీదికి రావడానికి కొంచెం సమయం పట్టేది. అది వచ్చేసరికి చూసేవాళ్ళు వెళ్ళిపోయేవారు.

పనిలో చేరిన కొత్తల్లో ఆమె ఇలా లేదు. అప్పట్లో ముందు హాల్లో, ఫ్యాను కింద, చొక్కాల బల్ల దగ్గర ఉండేది. గంటకు పదిహేను చొక్కాలు, చొక్కాకు పది కబుర్లు. ఆ నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదని తోటివాళ్ళు విసుక్కుంటూనే, ఆమె రాని రోజున హాలు బోసిపోయిందనేవారు. కూతురికి ఐదో ఏడు వచ్చిన చలికాలంలో ఆమెకు చలి పట్టుకుంది. చలికాలం పోయింది, చలి పోలేదు. దాని వెనకే నిద్ర వచ్చింది. పొద్దున పదికి నిద్ర, మధ్యాహ్నం నిద్ర, అన్నం కలుపుతూ నిద్ర. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడేది. ముఖం ఉబ్బింది, ఒళ్ళు బరువెక్కింది, నెలసరి వస్తే పదేసి రోజులు ఉండిపోయేది. గొంతు ఎంత బొంగురుపోయిందంటే, ఫోనులో అవతలివాళ్ళు “చెప్పండన్నా” అనేవారు.

డాక్టర్ల దగ్గరికి వెళ్ళలేదని కాదు. మొదటి డాక్టరు రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశాడు. రెండో డాక్టరు తల ఎత్తకుండానే “తిండి తగ్గించి, నడవమ్మా” అన్నాడు. మూడో డాక్టరమ్మ మంచిదే, కూర్చోబెట్టి మాట్లాడింది, ఇంట్లో ఏమైనా గొడవలా అని అడిగి, దిగులు పడొద్దని చెప్పి నిద్రమాత్రలు రాసింది. నిద్రతో చస్తున్న మనిషికి నిద్రమాత్రలు! ముగ్గురు చదువుకున్నవాళ్ళలో ఒక్కరికైనా ఆ గొంతు మీద చేయి వేసి చూడాలని తోచలేదు.

ఇంట్లో ఆమె పేరు మొద్దు. పెట్టినవాడు భర్త. అతను లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. తాగే మనిషి కాదు, కొట్టే మనిషి కాదు. నోటితోనే సరిపెట్టేవాడు.

“రోజుకు అరవై లారీలు తూస్తాను. నీకేం జబ్బో నాకు తెలియదా? తిన్నది అరక్క పడుకోవడం, పడుకుని లేచి తినడం” అనేవాడు, పక్కింటివాళ్ళకు వినబడేలా. మాట్లాడ్డానికి ఆమె నోరు తెరిచేసరికి అతను చొక్కా వేసుకుని వీధిలో ఉండేవాడు. కూతురు గోడవారగా కూర్చుని ఇద్దరినీ చూసేది.

చొక్కాల బల్ల దగ్గర కూడా వేళ్ళు మొరాయించాయి. గంటకు పదిహేను కాస్తా ఆరయ్యాయి. రెండు కాలర్లు మాడాయి. యజమాని ఆమెను పనిలోంచి తీసేద్దామని పిలిచిన రోజున, ఆమే ముందు నోరు తెరిచింది.

“సార్, నన్ను వెనక గదిలో వేయండి. నాకు చలిగా ఉంటోంది.”

అప్పటికి ఆ గదికి మనిషి దొరక్క యజమాని తంటాలు పడుతున్నాడు. ఒక పూట నిలబెట్టి చూశాడు. మధ్యాహ్నం గుమ్మంలోకి వచ్చి ఆమె నుదురు చూశాడు. పొడిగా ఉంది. ఎద్దుపుండు కాకికి ముద్దు అంటారు కదా, ఆ పూట ఆ కాకి ఎంత మురిసిపోయిందో చెప్పలేం. ఆ వారంలోనే నిప్పుకోడి అని పేరు పెట్టాడు. ఇంట్లో మొద్దు అయిన మనిషి ఇక్కడ లక్షమందిలో ఒక్కతె అయింది. అలా ఏడేళ్ళు నిలబడింది.

ఏడో ఏడు చివర్లో ఒక రోజు, దుప్పటి అంచుతో పాటు తన మూడు వేళ్ళు కూడా రోలరుకు అందించింది. మామూలు మనిషి అయితే తగలగానే చేయి లాక్కునేది. ఆమె చేతికి ఆ కబురు అందేసరికి వేళ్ళ చివర్లు కాలిపోయాయి.

ఆస్పత్రిలో కట్టు కట్టే నర్సు పెద్దావిడ. గాజుగుడ్డ చుడుతూ చుడుతూ ఆగి, ఆమె ముఖంలోకి చూసింది.

“ఏమ్మా, కనుబొమ్మల చివర్లు తీయించుకున్నావా?”

“లేదమ్మా, అవే పోయాయి.”

“ఎన్నాళ్ళైంది?”

ఆమె ఆలోచించింది. “అద్దం చూసుకుని చాలా కాలమైందమ్మా.”

ఆ బొంగురు గొంతు వినగానే నర్సు గాజుగుడ్డ పక్కన పెట్టింది. ఆమె గొంతు మీద నాలుగు వేళ్ళు ఆనించి, “మింగు” అంది. మింగింది. “చలేస్తుందా?” తల ఊపింది. “నిద్ర?” తల ఊపింది. “కాలిన వేళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చావు గానీ, అసలు సంగతి గొంతులో పెట్టుకున్నావమ్మా” అని, డాక్టరు చేత చీటీ రాయించి, తనే రక్తం తీయించింది.

టీఎస్‌హెచ్ అని ఒక అంకె ఉంటుంది. గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథి సోమరి అయిన కొద్దీ ఆ అంకె పెరుగుతుంది. నాలుగైదు లోపు ఉండాలి. ఆమె చీటీ మీద వందకు పైన అని రాసి ఉంది, అంతకు మించి లెక్కపెట్టడం ఆ యంత్రానికి చేతకాదట. గుండె చుట్టూ నీరు చేరడం మొదలైందని, ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే ఒక రోజు పడుకున్న మనిషి లేచేది కాదని డాక్టరు చెప్పాడు. ఆమెకు భయం వేయలేదు. సంతోషం వేసింది. బద్ధకం కాదు, రోగం! ఆ చీటీని మడత పెట్టకుండా, కాలిన చేత్తోనే, పిల్లలు మార్కుల కార్డు తెచ్చినట్టు ఇంటికి తెచ్చింది.

భర్త దాన్ని దీపం వైపు తిప్పి చదివాడు. “అయితే బద్ధకానికి కూడా మాత్ర కనిపెట్టారన్నమాట” అని, అన్నం వడ్డించమన్నాడు.

ఎనిమిదేళ్ళ మాటలకు ఒక్క మాటైనా తిరిగొస్తుందని ఆశపడింది పిచ్చిది. ఆ పూట వడ్డించి, తను తినలేదు.

మాత్ర రోజూ ఒకటి, బతికినంత కాలం వేసుకోవాలని డాక్టరు చెప్పాడు. ఎలా వేసుకోవాలో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. పొద్దున పాలు చిక్కగా పోసిన టీ పెట్టుకుని, పాత ఐరన్ మాత్రనూ ఈ కొత్త మాత్రనూ కలిపి ఒకే గుక్కలో మింగేది. నాలుగు నెలలు మింగింది. అంకె తొంభైకి దిగి అక్కడే చతికిలబడింది.

“మాత్రలు వేసుకుంటున్నావా, పారేస్తున్నావా?” అన్నాడు డాక్టరు.

“ఆ మాత్ర కూడా నిన్ను లేపలేకపోయిందంటే!” అన్నాడు భర్త.

రక్తం తీసే గది బయట, వరండాలో, ఒక పొడుగాటి చెక్క బెంచీ ఉంది. ఈ గ్రంథి పరీక్షలు ఆ ఆస్పత్రిలో సోమవారమే చేస్తారు. గది ఏడింటికి తెరుస్తారు, జనం ఆరున్నరకే చేరతారు. ఐదోసారి వెళ్ళినప్పుడు ఆ బెంచీ చివర ఖాళీ ఉంటే కూర్చుంది. పక్కన ఉన్నావిడ రిటైరైన బస్సు కండక్టరు. ఆవిడ గొంతు విన్నవాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ రోగం ఎప్పుడో అదుపులోకి వచ్చింది, పరీక్ష ఏడాదికోసారే. అయినా ప్రతి సోమవారం వచ్చి కూర్చునేది. కొత్త ముఖం కనబడితే చేయి చాపేది, టికెట్టు చూపించమన్నట్టు.

“చీటీ.”

నిప్పుకోడి ఇచ్చింది. కండక్టరమ్మ చదివి, కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

“నాలుగు నెలల మాత్రలకు పది తగ్గిందా! దేంతో వేసుకుంటావు?”

“టీతో.”

బెంచీ మొత్తం ఒక్కసారిగా మూలిగింది.

“ఇంకేమైనా కలుపుతావా?”

“ఐరన్ మాత్ర.”

“అయ్యో నా తల్లీ!” అని నెత్తి కొట్టుకుంది కండక్టరమ్మ. “లేవగానే, ఒట్టి కడుపున, మంచినీళ్ళతో. గంట దాకా టీ పేరెత్తకు. ఐరన్ మాత్ర దీని దరిదాపులకు రాకూడదు, అది సాయంత్రానికి తోసెయ్. అవి కడుపులో దీన్ని పట్టేసుకుంటాయి, ఒంటికి అందనివ్వవు.”

“నాకెవరూ చెప్పలేదక్కా.”

“చెప్తారని కూర్చున్నావా? డాక్టరుకు మందు తెలుసు. ఆ మందుతో కాపురం మనకు తెలుసు.”

అటు చివర కూర్చున్న సన్నటి పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. “సిగ్గుపడకమ్మా. నేను ఏడు నెలలు పాలతో వేసుకున్నాను. ఈ బెంచీ మీద మొదటి బహుమతి నాదే” అన్నాడు.

ఆమె ఆయన వైపు తిరిగి, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగింది. “మీకూ నిద్ర వచ్చేదా, మాస్టారూ?”

“రావడమా! బోర్డు మీద గుర్రాన్ని మొదలుపెట్టి, కాళ్ళు వేసే లోపలే కుర్చీలో నిద్రపోయేవాణ్ణి. మా బడి పిల్లలు గుర్రానికి కాళ్ళుండవని రెండేళ్ళు నమ్మారు.”

బెంచీ పగలబడి నవ్వింది. నిప్పుకోడి కూడా నవ్వింది, ఈసారి నవ్వు అందరితో పాటే వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఎవరూ ఓదార్చలేదు. కండక్టరమ్మ మాత్రం చీటీ మడిచి ఆమె చేతిలో పెట్టి, “మొదటిసారి అందరం ఏడ్చినవాళ్ళమే. జరుగు, అవతల మనిషికి చోటియ్యి” అంది.

ఆ రోజు నుంచి సోమవారాలు ఆమె సొంతమయ్యాయి. పరీక్ష ఉన్నా లేకపోయినా, పనికి వెళ్ళే ముందు అరగంట ఆ బెంచీ మీద కూర్చునేది. అక్కడ ఎవరి అంకె ఎంతో అందరికీ తెలుసు. అంకె దిగినవాళ్ళను పొగిడేవారు, మాత్ర మరిచిపోయినవాళ్ళను తిట్టేవారు. ఒకరి మాట ఇంకొకరికి పూర్తికాకముందే అర్థమయ్యేది. ఎవరూ ఎవరినీ లేచి తిరగమనలేదు.

తొంభై నలభై అయింది. నలభై పన్నెండు అయింది. ఏడాది తిరిగేసరికి ఐదు. రోగం గుర్రమెక్కి వచ్చి నత్తనెక్కి పోతుందన్నట్టే పోయింది. మొదట గొంతు విచ్చుకుంది. తర్వాత మడమల పగుళ్ళు మూసుకున్నాయి. ఒక పొద్దున ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చింది, కాసేపు ఏం చేయాలో తెలియక పక్క మీదే కూర్చుంది.

మేలుకోవడం సుఖమని అనుకుంటారు, ఎనిమిదేళ్ళు నిద్రపోనివాళ్ళు. మేలుకున్నవాళ్ళకు ఇల్లు కనబడుతుంది. తను లేకుండా నడవడం నేర్చుకున్న ఇల్లు. కూతురి మార్కుల కార్డుల మీద తన సంతకాలున్నాయి, ఒక్కటీ తను పెట్టింది కాదు. తొమ్మిదో ఏట నుంచే తల్లి సంతకం ఆ పిల్ల తనే పెట్టుకుంటోంది, తల్లికంటే బాగా పెడుతోంది.

ఒక ఆదివారం దువ్వెన పట్టుకుని వరండాలో కూర్చుని పిలిచింది. “రావే, జడ వేస్తాను.”

కూతురు పుస్తకంలోంచి తల ఎత్తింది. “జడెక్కడుందమ్మా?”

మెడ దాకా కత్తిరించిన జుట్టు. ఎప్పటి నుంచో అలాగే ఉంది. తను చూస్తూనే ఉంది, కానీ చూడలేదు.

“ఎప్పుడు కత్తిరించుకున్నావే?”

“నాలుగో క్లాసులో. నువ్వు దువ్వుతూ దువ్వుతూ నా వీపు మీదే నిద్రపోయావు. లేపితే లేవలేదు. బడికి లేటయింది. ఆ సాయంత్రం నాన్న తీసుకెళ్ళి కత్తిరించారు.”

కోపంగా చెప్పలేదు. దారి అడిగినవాళ్ళకు దారి చెప్పినట్టు చెప్పి, మళ్ళీ పుస్తకంలో తల పెట్టింది. అంతకంటే నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని తల్లికి అనిపించింది. తిట్టాలన్నా ఎంతో కొంత చనువుండాలి కదా.

ఇక బాగుపడిన ఒళ్ళు లాండ్రీలో ఏం చేసిందయ్యా అంటే, చెమట పట్టింది. మొదటి చుక్క హోటలు దుప్పటి మీద పడింది. రోలరు దాన్ని చక్కగా ఇస్త్రీ చేసి పసుపు మరకగా అచ్చు వేసింది. హోటలువాళ్ళు దుప్పటి తిప్పి పంపారు. ఆమె స్వెట్టరు విప్పింది, మేజోళ్ళు విప్పింది. అయినా పదింటికల్లా కళ్ళు తిరిగి కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

“నిప్పుకోడి నీటికోడి అయిందిరోయ్!” అని నవ్వారు మగవాళ్ళు.

యజమాని పిలిపించాడు. “ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?”

“బాగైంది సార్.”

రోగం సంగతీ, మాత్రల సంగతీ చెప్పింది. అతను నిజంగానే బాధపడ్డాడు. “బంగారంలాంటి మనిషిని పాడుచేశారే! ఏడేళ్ళు ఆ మాత్రలు లేకుండానే కదా రాయిలా నిలబడ్డావు? వచ్చే నెల ఇంకో పెద్ద హోటలు పని వస్తోంది. గదిలో నువ్వే ఉండాలి. వల్ల కాదంటే మాసిన గుడ్డల వైపు పో. అక్కడ ఎవరైనా ఒకటే.”

మాసిన గుడ్డల వైపంటే, ఆస్పత్రి నుంచి వచ్చిన మూటలు విప్పి, నెత్తురు మరకలవి ఒకవైపు, తక్కినవి ఒకవైపు ఏరే చోటు. పని ఏదైనా పనే, దానికి ఆమె వెరవలేదు. అక్కడ ఎవరైనా ఒకటే అన్న మాట గుచ్చుకుంది. ఇంట్లో భర్తకు మొద్దు, కూతురికి పరాయిది. ఉన్న ఒక్క పేరూ ఆ గదిలో ఉంది. ఆ పేరు రోగానిదే గానీ తనది కాదని తెలియనంత అమాయకురాలు కాదు. తెలిసీ వదులుకోలేకపోయింది.

ఇంట్లో చెబితే భర్త, “పెద్దమనిషి చెప్పింది నిజమే కదా. మాత్ర మింగి ఏం సాధించావు? ఉన్న పని పోగొట్టుకోవడమా?” అన్నాడు.

కొత్త హోటలు పని కుదురుకునే దాకా, రెండు నెలలే కదా అనుకుంది. మాత్రల అట్టను బియ్యం డబ్బా వెనక్కి నెట్టింది. సోమవారాలు ఆ దారినే వెళ్ళడం మానేసింది.

మూడో వారానికి చలి వచ్చింది, దారి తెలిసిన చుట్టంలా. ఐదో వారానికి స్వెట్టరు, ఆ పైన మేజోళ్ళు. నుదురు ఆరిపోయింది. యజమాని కొత్త హోటలు మేనేజరును గుమ్మం దాకా తీసుకొచ్చి, “లక్షమందిలో ఒక్కరు!” అన్నాడు. నిద్ర కూడా వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానీ, ఆ నిద్రలో ఆమెకు సుఖంగానే ఉంది. మెలకువలో ఉన్నంతసేపూ గుచ్చే జడ, సంతకాలు, నిద్రలో గుచ్చేవి కావు.

తొమ్మిదో వారం పరీక్షకు వెళ్ళక తప్పలేదు. చీటీ మీద తారీఖు వేసి ఉంది. బెంచీ వాళ్ళు వెళ్ళిపోయాక వెళ్దామని ఎనిమిదిన్నరకు వెళ్ళి, రక్తమిచ్చి, మధ్యాహ్నం ఫలితం తీసుకుని బయటికొచ్చింది. వరండాలో కండక్టరమ్మ, మాస్టారు కూర్చునే ఉన్నారు. కండక్టరమ్మ చేయి చాపింది.

అరవై ఒకటి.

“మళ్ళీ టీతోనా?”

“కాదక్కా. మానేశాను.”

ఎందుకు మానేసిందో నిలబడే చెప్పింది. ఆ ముద్ద మాటలతో చెప్పడానికి చాలాసేపు పట్టింది. మైదానం అవతలికి వినబడే కండక్టరమ్మ గొంతు ఆ రోజు ఎందుకో తగ్గిపోయింది.

“నీకు ముందు ఆ గదిలో ఎవరు పనిచేసేవారు?”

“ఒక ముసలమ్మ. దుప్పటి కప్పుకుని పనిచేసేది. మాట ముద్దగా ఉండేది, నాకు బాగా గుర్తు. యజమాని ఇప్పటికీ ఆమెను తలుచుకుంటాడు.”

“మానేసిందా?”

“లేదు. భోజనాలప్పుడు గోడకు ఆనుకుని నిద్రపోయింది. గంట కొట్టాక లేపితే...”

మాస్టారు తల తిప్పుకున్నాడు. కండక్టరమ్మ చీటీని ఆమె చేతిలో పెట్టింది. “వెళ్ళి ఆ ముసలమ్మ వయసు కనుక్కో” అంది.

బాయిలరు చూసే పాత మనిషిని అడిగింది. అతను వేళ్ళు లెక్కపెట్టుకుని, “ముసలిదేం కాదమ్మా, ముఖం ఉబ్బి అలా కనబడేది. నలభై ఒకటో, రెండో” అన్నాడు. నిప్పుకోడికి ముప్పై తొమ్మిది.

మర్నాడు లేవగానే మంచినీళ్ళతో మాత్ర మింగింది. ఎనిమిదింటికి యజమాని బల్ల ముందు నిలబడి, “నేను ఆ గదిలో ఉండను సార్” అంది. అతను ఆమె ముఖం వైపు చూడకుండానే మాసిన గుడ్డల వైపు వేలు చూపించాడు. భర్త ఆ రాత్రి, చేతికొచ్చిన పేరు కాలదన్నుకున్న దద్దమ్మ అన్నాడు. కూతురు తర్వాతి వారమంతా రోజూ పొద్దున మాత్రల అట్ట తీసి, ఎన్ని ఖాళీ అయ్యాయో చూసి, మళ్ళీ అక్కడే పెట్టేది. అది నమ్మకం కాదు, తనిఖీ. అయినా ఈ ఇంట్లో తనను ఎవరైనా ఏ రకంగానైనా చూస్తున్నారని ఆమె ఆ తనిఖీ కోసమే ఎదురుచూసేది.

వేడి గదికి మనిషి కావాలి. యజమానికి తెలిసిన పరీక్ష ఒకటే, ఒక పూట నిలబెట్టి నుదురు చూడడం. ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఐదుగురు భోజనాల వేళకు ముందే పారిపోయారు. ఆరో మనిషి శాలువా కప్పుకుని నిలబడింది.

“ఇది నీకంటే నయం! ఒక్క చుక్క కూడా పట్టలేదు!” అని యజమాని మాసిన గుడ్డల గదికి వచ్చి మరీ చెప్పాడు.

ఆమె మూట విప్పుతున్నదల్లా ఆగిపోయింది. ఆ గది తనలాంటివాళ్ళనే ఏరుకుంటుందని అప్పుడు అర్థమైంది. మధ్యాహ్నం చేతులు కడుక్కుని వెళ్ళింది. గుమ్మం దాటగానే వేడి ముఖం మీద కొట్టింది. రోలరు ముందు ముప్పై ఏళ్ళైనా నిండని మనిషి. రెప్పలు ఉబ్బి ఉన్నాయి, కనుబొమ్మలు సగం దాకానే ఉన్నాయి. దుప్పటి అందుకోవడానికి చాపిన ఆ చేతిని నిప్పుకోడి ఇవతలి నుంచి పట్టుకుంది. గోడలు కాలే ఆ గదిలో ఆ చేయి చల్లగా ఉంది.

“చెల్లీ, ఇది వేడి తట్టుకోవడం కాదమ్మా, జబ్బు. గొంతులో ఉంటుంది. నాకూ ఇదే ఉంది. సోమవారం నాతో ఆస్పత్రికి రా. ఒక్క చీటీ, ఒక్క సూది, అంతే.”

కొత్త మనిషి చేయి విడిపించుకుంది. మాట మెల్లగా, ముద్దగా వచ్చింది.

“నీ గురించి సార్ చెప్పారక్కా. నీ చోటు పోయిందని నాకు రోగం అంటగడుతున్నావా?”

“కాదమ్మా...”

“ఇంట్లో నన్ను అందరూ సోమరిపోతంటారు. అమ్మ కూడా. ఇన్నేళ్ళకు ఇక్కడ ఒక్కచోట బాగా చేస్తున్నావన్నారు. అది కూడా లాక్కుంటావా?”

తనకు ఎవరైనా వచ్చి ఇదే మాట చెప్పి ఉంటే తనూ ఇలాగే చేయి విడిపించుకునేది. చెమట కళ్ళలోకి కారుతోంది. గుమ్మం బయట యజమాని, “ఏమ్మా, అక్కడేం పని?” అని అరుస్తున్నాడు.

“అవును, లాక్కుంటాను” అంది.

మర్నాడు భోజనాల వేళ మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. రోలరు పక్కన నిలబడి, సోమవారం ఆరున్నరకు, వరండాలో బెంచీ అని అదే మాట చెబుతుంది. కొత్త మనిషి తల తిప్పదు, దుప్పట్లు అందిస్తూనే ఉంటుంది. పది నిమిషాలు చెబుతుంది. అంతకు మించి ఆ వేడిలో నిలబడడం ఇప్పుడు ఆమె వల్ల కాదు.